ఆగిన చోటే లేచే బండి: మన పాత డీజిల్ పికప్పుల కథ

ఈ ఎపిసోడ్ ఒక పేరుతో మొదలుపెడదాం. హైదరాబాద్‌లో ఇల్లు మారేటప్పుడు "ఒక డీసీఎం మాట్లాడుకోండి" అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. పేపర్లో కూడా "డీసీఎం వ్యాన్ బోల్తా" అని హెడ్డింగ్ వస్తుంటుంది. కింద ఫోటో చూస్తే అక్కడ ఉండేది ఐషరో, టాటానో, లేలాండో. డీసీఎం అనే బండి కొత్తది మీకు ఏ షోరూంలోనూ దొరకదు. కంపెనీ పోయి ముప్ఫై ఏళ్లయింది, పేరు మాత్రం మన నోట్లో ఉండిపోయింది.

డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. అవును, బట్టల మిల్లే. నాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు (కాకినాడ దగ్గర ఇంకో ప్రత్తిపాడు ఉంది, అది కాదు). ఊరి పేరులోనే పత్తి ఉన్నవాడిని కాబట్టి ఈ విషయం తెలిసినప్పుడు భలే సరదా వేసింది. పత్తి బోరేలు మోసే బండికి బట్టల మిల్లు పేరు!

1980ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం చిన్న లారీల తయారీకి జపాన్ కంపెనీలతో కలిసి పనిచేసేలా మన కంపెనీలకి అనుమతులిచ్చింది. నాలుగు జంటలు బయల్దేరాయి. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం-టయోటా, పంజాబ్‌లో స్వరాజ్-మాజ్డా, మధ్యప్రదేశ్‌లో ఐషర్-మిత్సుబిషి. నాలుగోది మనది. ఆల్విన్-నిస్సాన్. నిజాం కాలంలో, 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ అది. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు చేసేది. మీ తాతగారి ఇంట్లో పాత ఆల్విన్ ఫ్రిజ్ ఉండే ఉంటుంది, అడిగి చూడండి. ఆ కంపెనీ మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టి నిస్సాన్ కాబ్‌స్టార్ చిన్న లారీ తయారుచేసింది. అంటే తెలుగు నేల మీద తయారైన జపాన్ డీజిల్ బండి.

కాగితం మీద చూస్తే ఈ నాలుగూ గెలవాలి. బండి తేలిక, డీజిల్ తక్కువ తాగుతుంది, క్యాబిన్ సుఖంగా ఉంటుంది, స్టీరింగ్ వెన్నలా తిరుగుతుంది. కానీ 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో ఐదు పెద్ద దేశాలు కూర్చుని డాలర్ విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. డాలరుకి దాదాపు 240 యెన్లు ఉండేది, రెండేళ్లు తిరిగేసరికి 150 దగ్గరికి వచ్చేసింది. మన రూపాయేమో పడుతూనే ఉంది. జపాన్ నుంచి వచ్చే ప్రతి విడిభాగం ధర ఎక్కడికో పోయింది. జహీరాబాద్‌లో బండి బిగించేవాడికి గానీ, కొని నడిపేవాడికి గానీ ఆ ఒప్పందంతో సంబంధమే లేదు. కానీ ఆ బిల్లు కట్టింది వాళ్లే. 1980ల చివరికి ఆల్విన్-నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లిపోయింది. ఇప్పుడు అదే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. డీసీఎం-టయోటా 1990ల మధ్యలో దేవూ చేతికి పోయింది.

ఈలోగా 1986లో టాటా వాళ్లు 407 దింపారు. మా వైపు "ఫోర్ నాట్ సెవెన్" అంటారు. జపాన్ బండ్ల పక్కన పెడితే మోటుగా ఉంటుంది, శబ్దం ఎక్కువ. కానీ టాటా అప్పటికే 1954 నుంచి లారీలు చేస్తోంది, మొదట్లో బెంజ్ కంపెనీతో కలిసి. అంటే 407 వచ్చేసరికి దేశంలో ప్రతి రోడ్డు పక్కనా టాటా ఇంజిన్ విప్పి బిగించగల మనిషి ఒకడున్నాడు. విజయవాడ ఆటోనగర్, గుంటూరు ఆటోనగర్ లాంటి చోట్ల పిస్టన్, లైనర్, బేరింగ్ దొరుకుతాయి, లేకపోతే లేతు మీద చేసిచ్చేవాళ్లున్నారు. యెన్ పెరిగినా తగ్గినా వాళ్లకి సంబంధం లేదు. నా లెక్కలో 407 గెలిచింది ఇంజిన్ వల్ల కాదు, ఈ మనుషుల వల్ల.

తర్వాత 1988లో టాటామొబైల్ వచ్చింది. 206, 207 అని పిలిచే పికప్ కుటుంబం అక్కడ్నించి మొదలు. మహీంద్రా వైపు చూస్తే, జీపులకి ప్యూజో వాళ్ల డీజిల్ ఇంజిన్ తెచ్చి మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో తయారుచేశారు. తర్వాత సొంత ఎండీఐ ఇంజిన్, 2000లో బొలేరో, దాని వెనకే బొలేరో పికప్పులు. మీరు ఇప్పటికీ మన రోడ్ల మీద చూసే పాత పికప్పుల్లో చాలావరకు ఈ రెండు కుటుంబాలవే.

ఇక్కడ చిన్న సరదా లెక్క. పాత ఇంజిన్ల పేర్లలోనే వాటి కొలతలు ఉంటాయి. టాటా 497 అంటే 4 సిలిండర్లు, ఒక్కోటి 97 మిల్లీమీటర్ల బోరు. స్ట్రోకు 100 మిల్లీమీటర్లు. గుణించుకోండి, 2956 సీసీ వస్తుంది. 483 అంటే 4 సిలిండర్లు, 83 బోరు. ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 అంటే 4 సిలిండర్లు, 90 బోరు. మెకానిక్‌కి పేరు చెబితే ఏ సైజు పిస్టన్ తేవాలో సగం తెలిసిపోయేది. ఇప్పటి ఇంజిన్ల పేర్లు వింటే నాకు మార్కెటింగ్ టీమ్ మీటింగే కనిపిస్తుంది, ఇంకేం కనిపించదు.

సరే, అసలు విషయానికి వద్దాం. "పాత బండి మొండి బండి, అస్సలు ఆగదు" అని మనవాళ్లు అంటారు కదా. నిజమేనా? నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ల గురించి రెండు లెక్కలు చూసేవాళ్లం. ఒకటి, ఎంత కాలానికోసారి పడిపోతుంది. రెండోది, పడ్డాక ఎంతసేపట్లో లేస్తుంది. ఈ రెండూ వేరు వేరు లెక్కలు. పాత డీజిల్ పికప్ మొదటి లెక్కలో గొప్పదేం కాదు. తరచూ ఆగేది. కానీ రెండో లెక్కలో దాన్ని కొట్టే బండి ఇంకా రాలేదు.

దానికి ప్రధాన కారణం పంపు. మెకానిక్‌లు "మైకో పంపు" అంటారు. 1951లో బాష్ వాళ్లతో కలిసి మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి అది పొట్టి పేరు. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ అని మారినా షాపుల్లో మైకో అనే మాట పోలేదు. ఈ పంపు పూర్తిగా యాంత్రికం. ఇంజిన్ తిప్పితే అది తిరుగుతుంది, డీజిల్‌ని ఒత్తిడితో నాజిల్‌కి పంపుతుంది. వేడెక్కిన గాలిలో డీజిల్ తనంతట తనే మండుతుంది. స్పార్క్ ప్లగ్గు లేదు, కంప్యూటర్ లేదు. చాలా పాత బండ్లలో ఆపడానికి కూడా ఒక తీగ లాగాల్సిందే. అంటే ఒకసారి స్టార్ట్ అయ్యాక బ్యాటరీ చచ్చిపోయినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. సెల్ఫ్ పనిచేయకపోతే నలుగురు తోస్తే చాలు. మా వైపు పొద్దున్నే బండి తోయడం అనేది ఊళ్లో కుర్రాళ్లకి వ్యాయామం లాంటిది.

ఇప్పుడు ఆ బండికి వచ్చే రోగాలు చూద్దాం.

అన్నిటికంటే మామూలుది గాలి పట్టడం. డీజిల్ అయిపోయినా, పైపు ఎక్కడో చిన్నగా లీకైనా లైన్లోకి గాలి దూరుతుంది. ద్రవాన్ని ఒత్తితే ఒత్తిడి పెరుగుతుంది, గాలిని ఒత్తితే అది నలిగి ఊరుకుంటుంది. అందుకని నాజిల్ తెరుచుకోదు, బండి ఆగిపోతుంది. మందు ఏంటంటే, ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, తర్వాత చక్కటి డీజిల్ ధార. అప్పుడు స్క్రూ బిగించడమే. ఒక పానా, పది నిమిషాలు. పాత డ్రైవర్లలో ఇది చేతకానివాడు ఉండడు.

రెండోది పొగ. పాత మెకానిక్‌కి పొగే స్కానర్. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, నాజిల్ కారుతోందో. నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది, రింగులు అరిగాయి. దీన్నే "ఇంజిన్ బోరుకొచ్చింది" అంటారు. తెల్లపొగ అంటే డీజిల్ మండకుండా బయటకి వస్తోంది, లేదా హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు లోపలికి వెళ్తున్నాయి. పొద్దున చలికి కాసేపు తెల్లపొగ వస్తే భయం లేదు, వేడెక్కాక కూడా వస్తుంటే మాత్రం జేబు తడుముకోవాలి.

మూడోది మా నేల వల్ల వచ్చేది. మాది నల్లరేగడి. ఎండాకాలం దుమ్ము పిండిలా లేస్తుంది, పత్తి సీజన్లో జిన్నింగ్ మిల్లుల దగ్గర దూది గాల్లో తేలుతుంటుంది. ఈ రెండూ కలిసి రేడియేటర్ ముందు దుప్పటి కప్పినట్టు పేరుకుంటాయి. నీళ్లు మరుగుతాయి, డ్రైవర్ చూసుకోకుండా తోలితే హెడ్ వంగుతుంది. వానాకాలం ఇంకో కథ. తడిసిన నల్లరేగడి చక్రాలకి పట్టుకుని వదలదు. పికప్‌లో ఇంజిన్ బరువంతా ముందు, నడిపే చక్రాలు వెనక. ఖాళీ బండి అయితే వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. డ్రైవర్ క్లచ్‌ని సగం నొక్కి రేజ్ చేస్తాడు, కాలిన వాసన వస్తుంది. చేను గట్టు మీద పోయిన క్లచ్ ప్లేట్లన్నీ ఒకచోట పోస్తే ఒక గుట్ట అవుతుంది. తెలివైనవాళ్లు వెనక యాక్సిల్ మీద పడేలా రెండు మట్టి బస్తాలు వేసుకుని చేలోకి దిగుతారు.

నాలుగోది అందరూ తక్కువగా చూసేది. డైనమో. ఈ తరం డీజిల్ బండ్లలో చాలావాటికి డైనమో వెనకే వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు తేలిగ్గా పడేలా చేసేది అదే. డైనమోని తిప్పేది ఫ్యాన్ బెల్టు. ఇప్పుడు ఆ బెల్టు తెగిందనుకోండి. ఛార్జింగ్ పోతుంది, ఇంజిన్ చల్లబడటం ఆగుతుంది, బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. వంద, రెండొందల రూపాయల రబ్బరు ముక్క మీద మూడు పనులు వేలాడుతుంటాయి. వ్యాక్యూమ్ పంపు సీలు కారితే ఆయిల్ నేరుగా డైనమోలోకి దిగి దాన్నీ తినేస్తుంది. పాత బండి నడిపేవాళ్లు సీటు కింద ఒక కొత్త బెల్టు పెట్టుకోకపోతే అది అమాయకత్వం.

ఇంకొక చేదు విషయం కూడా చెప్పుకోవాలి. డీజిల్‌లో కిరసనాయిలు కలపడం. రేషన్ కిరసనాయిలుకి నీలిరంగు వేసేది అందుకే, కలిపితే తెలియాలని. పాత ఇంజిన్ కిరసనాయిలుతో కూడా నడుస్తుంది, దాన్ని గొప్పగా చెప్పేవాళ్లున్నారు. కానీ పంపు లోపలి భాగాలకి నూనె పూసేది డీజిలే. కిరసనాయిలుకి ఆ జిడ్డు తక్కువ. నెల నెలా మిగిల్చుకున్న రూపాయిలన్నీ ఒకరోజు పంపు కాలిబ్రేషన్ బిల్లులో పోతాయి.

ఈ రోగాలన్నీ ఎందుకింత ముఖ్యం అంటే, వెనక ఉన్న సరుకు వల్ల. ఫిబ్రవరి నుంచి మా దారుల్లో మిర్చి టిక్కీలు కదులుతాయి. ప్రత్తిపాడు నుంచి ఏటుకూరు మీదుగా గుంటూరుకి దాదాపు 20 కిలోమీటర్లు. అంతే దూరం. కానీ టిక్కీ అంటే 40, 45 కిలోలు. 30 టిక్కీలు వేస్తే 12, 13 క్వింటాళ్లు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాకి 11,781 రూపాయలు. ఆ లెక్కన కూడా ఒక్క పికప్‌లో లక్షన్నర దాకా సరుకు ఉంటుంది. సరుకు పొద్దున బేరం టైముకి యార్డులో ఉండాలి. దారిలో ఆగి, ఆ రాత్రి వాన పడి, పట్టా సరిగ్గా లేకపోతే, తేమ పట్టి రంగు పోయిన కాయ తాలు కింద లెక్క. ధర సగానికి పడుతుంది. రైతుకి అది ఏడాది పంట. కాబట్టి నడిరోడ్డు మీద పది నిమిషాల్లో లేచే బండా, టో చేసుకుని షోరూంకి తీసుకెళ్లాల్సిన బండా అనేది వాళ్లకి ఇంటి లెక్క.

పత్తి, మిర్చి రెండింటికీ ఒకే గుణం ఉంది. బరువు కంటే ఎత్తు ఎక్కువ. ఇసుక వేస్తే కమాన్ కట్టలు వంగి "చాలు" అని చెబుతాయి. పత్తి అలా చెప్పదు. ఎంత పేర్చినా బండి మోస్తుంది. రెండు మనుషుల ఎత్తు పేర్చుకుని మలుపు తిరిగితే లోడు ఒక పక్కకి లాగుతుంది. మా వైపు కింగ్ పిన్నులు, స్టీరింగ్ జాయింట్లు తొందరగా పోవడానికి గతుకులతో పాటు ఇదీ ఒక కారణం అని నా నమ్మకం.

2005 మే నెలలో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్. ఇంజిన్ డ్రైవర్ సీటు కింద. సందుల్లో దూరుతుంది, ధర అందుబాటులో ఉంది, మూడు చక్రాల ట్రాలీ ఆటో కంటే కాస్త నిలకడ. ఊళ్లో ఐదెకరాల రైతు కొడుకు కూడా "నేనూ ఓనర్‌ని" అనుకోగలిగింది దీంతోనే. 750 కిలోల కోసం చేసిన బండి మీద టన్నున్నర వేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. చాలా ఏస్‌లు వేడెక్కి, హెడ్డు పోయి ఆటోనగర్‌లో తేలాయి. దానికి ఇంజిన్‌ని తిట్టడం అన్యాయం.

తర్వాత కాలుష్యం రూల్స్. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్ల అమ్మకం ఆపేయమంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. పాత నాజిల్ 150, 200 బార్ల ఒత్తిడి దగ్గర తెరుచుకునేది. కామన్ రైల్‌లో 1600 బార్లు మామూలు. డీజిల్ మంచులా చిమ్ముతుంది, పూర్తిగా మండుతుంది. పొగ తక్కువ, మైలేజీ ఎక్కువ, శబ్దం తక్కువ. ఊపిరితిత్తులున్న ఎవరైనా దీన్ని మంచి మార్పు అనాల్సిందే. కానీ అంత ఒత్తిడిలో పనిచేసే ఇంజెక్టర్‌కి ఒక్క చుక్క నీళ్లు, చిటికెడు దుమ్ము చాలు పాడవ్వడానికి. ఒక సెన్సార్ తీగని ఎలుక కొరికితే బండి నడవనంటుంది, ఎందుకో చెప్పడానికి ల్యాప్‌టాప్ కావాలి. లాగి బిగించే పానా పనికిరాదు. కోడ్ రాసి బతికినవాణ్ని కాబట్టి అంటున్నా, లోపం ఏంటో చూసే హక్కు బండి ఓనర్‌కి, ఊరి మెకానిక్‌కి ఉండాలి. అది కంపెనీ సర్వీస్ సెంటర్ దగ్గర తాళం వేసి ఉంచాల్సిన వస్తువు కాదు.

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు, "అన్నా, రెండు మూడు లక్షల్లో పాత 207 గానీ బొలేరో పికప్ గానీ తీసుకోవచ్చా" అని. అప్పు చేసి కొంటున్నారు కాబట్టి సూటిగా చెప్తా. చల్లారిన ఇంజిన్‌నే చూడండి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే రేపు పొద్దున మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి. స్టార్ట్ అయ్యాక ఆయిల్ మూత తీసి చూడండి, అక్కడ్నించి పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే బోరుకొచ్చినట్టే. రేడియేటర్ నీళ్లలో నూనె తెట్టు ఉందా చూడండి. ఛాసిస్ కింద పడుకుని చూడండి, ముఖ్యంగా వెనక కమాన్ కట్టలు కలిసే చోట వెల్డింగ్ అతుకులు ఉంటే వద్దు. ఇంజిన్ మార్చొచ్చు, విరిగిన ఛాసిస్‌ని నమ్మలేం. ఇక కాగితాలు. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి. పదిహేనేళ్లు దాటితే 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు బాగా పెంచారు. కొన్న ధర చూసి మురిసిపోకుండా ఈ ఏటేటా ఖర్చు ముందు రాసుకోండి.

ఇంకొకటి. మిర్చి కోతల టైములో కూలీలని ఈ పికప్పుల వెనక నిలబెట్టి తీసుకెళ్తారు. తెల్లవారుజామున పాతిక ముప్ఫై మంది ఆడవాళ్లు, చేతిలో క్యారేజీలు. ఈ బండ్లకి వెనక డ్రమ్ము బ్రేకులు, ఏబీఎస్ లేదు, పట్టుకోవడానికి ఇనప కడ్డీ తప్ప ఏం లేదు. సరుకు బండిలో అలా వెళ్లేవాళ్లకి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ డబ్బు రావడం చాలా కష్టం, ఆ భారం ఓనర్ మీద పడుతుంది, చాలాసార్లు ఓనర్ దగ్గర కూడా ఏమీ ఉండదు. పాత బండిని ఎంత పొగిడినా, ఆ పనికి మాత్రం అది పనికిరాదు. కిరాయి వచ్చినా సరే ఒప్పుకోకండి.

మీ ఇంట్లోనో ఊళ్లోనో ఇంకా మైకో పంపుతో తిరుగుతున్న బండి ఉంటే, ఏ సంవత్సరం మోడలో, ఇంజిన్ ఎన్నిసార్లు దించారో, ఏం మోస్తోందో కింద రాయండి. జహీరాబాద్ కాబ్‌స్టార్ ఇంకా నడుస్తున్నది ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో పంపండి, నేనే వచ్చి వీడియో తీస్తా. వచ్చే ఎపిసోడ్ ట్రాక్టర్ ట్రక్కుల మీద.